అందరి గువ్వ

ప్రియమైన అమ్మకి,

చేతిలో ఫోన్ పెట్టుకుని కాగితం మీద రాస్తోందేమిటి అని కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది. హాస్టల్లో తిండి కూడా ఫరవాలేదు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే నువ్వు మధ్యలో ఏదో ఒకటి అని నవ్వించేస్తావు, నేనూ నవ్వేసి ఊరుకుంటాను. ఇన్నేళ్ళుగా అదే జరుగుతోంది. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. ఒక్క మాట ముందే అడుగుతున్నాను. దీన్ని ఫోటో తీసి, "మా గువ్వ ఉత్తరం రాసింది చూడండి" అని నెట్‌లో నీ పేజీలో పెట్టకు.

పోయిన వారం మా కంటి ఆసుపత్రిలో నన్ను మొదటిసారి సొంతంగా చూపు పరీక్ష చేయమన్నారు. దీపాలు తగ్గించి, పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఆ బరువైన ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగాలి. తప్పు చేస్తే దిద్దడానికి మా సీనియరు వెనకే నిలబడింది. నాతో పాటు నేర్చుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. కుర్చీలో ఉన్నావిడ నీకంటే బాగా పెద్దది. రెండో కంటికి అద్దం కుదరగానే ఎదుటి గోడ మీద అక్షరాలు వదిలేసి నా మొహం చూసింది.

"నువ్వు గువ్వవి కదూ?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నన్ను మూడేళ్ళప్పటి నుంచీ చూస్తోందట. నా పసుపు గౌను చూసి తన మనవరాలికి అచ్చం అలాంటిదే కుట్టించిందట. అంతటితో ఆగితే నేనూ నవ్వి పంపించేసేదాన్నే. "పక్క తడపడం ఎన్నో ఏట మానేశావమ్మా? మా పిల్లకీ అదే బాధ. మీ అమ్మ ఆ వీడియోలో ఎంత ఇదైపోయిందో" అని అడిగింది. ప్రేమగానే అడిగింది. నా వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

ఆ సాయంత్రం భోజనాల గదిలో ఆడపిల్లలంతా ఒక ఫోను చుట్టూ మూగారు. నాకు మొదటిసారి నెలసరి వచ్చిన రోజు నువ్వు పెట్టినది ఒకమ్మాయి పైకి చదివింది. ఆ సంగతి నాన్నమ్మ కన్నా ముందు నీ పేజీలో వాళ్ళకి తెలిసింది, గుర్తుందా? ఇంకోసారి నేను తలుపు మూసుకుని ఏడుస్తుంటే బయట నిలబడి నా ఏడుపు రికార్డు చేశావు. "ఆడపిల్ల అలిగితే" అని పేరు పెట్టావు. అది విని వాళ్ళు పడీ పడీ నవ్వారు.

అమ్మా, అందులో అబద్ధమేమీ లేదు. అన్నీ నిజాలే. నా గురించి ఎవరికి ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో నేను చూసుకోవాల్సింది. ఆ పని నాకు మాటలు సరిగ్గా రాకముందే నువ్వు చేసేశావు. ఇక్కడ ఎవరితో స్నేహం చేద్దామన్నా వాళ్ళకి నేను ముందే తెలిసి ఉంటున్నాను.

నా అకౌంట్లన్నీ తీసేశాను. నువ్వు కూడా పేజీ మూసెయ్యి. ఇంతకు ముందు నిన్ను ఇంత గట్టిగా ఏదీ అడగలేదు.

ప్రేమతో,
నీ అమ్మాయి

* * *

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం చూసి కరెంటు బిల్లనుకుని కుట్టు మిషను పక్కన పడేశాను. బాబిన్ కోసం వెతుకుతుంటే నీ చేతిరాత కనబడింది. ఫోటో తియ్యలేదు. తియ్యాలని చెయ్యి లాగిన మాట నిజం, కానీ తియ్యలేదు. ఆ పక్క తడిపిన వీడియో వెంటనే తీసేశాను. నెలసరిది కూడా తీసేశాను. నిన్ను పదిమందిలో తలదించుకునేలా చేసినందుకు నాకు సిగ్గుగా ఉంది. ఆ పిల్లలకి నవ్వు వచ్చే వయసు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు. మనసులో పెట్టుకోకు.

పేజీ మూసెయ్యమన్నావు. అది మాత్రం కాస్త నిదానంగా ఆలోచించు తల్లీ. మీ నాన్న బట్టలు సర్దుకుని పోయిన నెలలో మన గుమ్మం తొక్కినవాళ్ళెవరో చెప్పు. నా తోడబుట్టినవాడు వీధిలో నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు, అప్పు అడుగుతానేమో అని. ఆ రోజుల్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి నీకు పసుపు గౌను కుట్టాను. నువ్వు అది వేసుకుని గిరగిరా తిరిగావు. చూడ్డానికి ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అది నాకు భరించలేనంత బాధగా అనిపించి వీడియో తీసి పెట్టాను. తెల్లారేసరికి ఎవరెవరో "ఎంత ముద్దుగా ఉందో" అన్నారు. "గువ్వ గౌన్లు" అని బోర్డు రాయించింది ఆ తర్వాతే. నీ చదువు, ఈ ఇంటి అద్దె, నాకు రెండో మిషను, అన్నీ ఆ పేజీ పెట్టిన భిక్షే.

బేరాలు ఒక్కటే కాదు. మూతి ముడుచుకోకుండా విను. నాకు అక్కడ ఒక అక్క ఉంది, ఇద్దరు వదినలు ఉన్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకపోయినా వరసలు కలుపుకున్నాం. అక్కడే పరిచయమైన అన్నయ్య గారి సంగతే చూడు. నీకు జ్వరం వచ్చిందంటే పూటపూటకీ కనుక్కునేవారు. నీ ప్రతి పుట్టినరోజుకీ బొమ్మ పంపేవారు. నీ సొంత మేనమామ నిన్ను ఏ తరగతి చదువుతున్నావని ఎప్పుడైనా అడిగాడా? నాకు కన్నీళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన "నేనున్నాను చెల్లెమ్మా" అనేవారు. వీళ్ళందర్నీ ఒక్క మీట నొక్కి చెరిపెయ్యమంటే నా చెయ్యి ఆడదు.

నువ్వు ఇబ్బంది పడ్డవి ఏవేవో చెప్పు, ఒక్కొక్కటీ తీసేస్తాను. షట్టరు మాత్రం దింపమనకు.

వేళకి తిను. తడిజుట్టుతో పడుకోకు.

ముద్దులతో,
అమ్మ

* * *

ప్రియమైన అమ్మకి,

ఒక్కొక్కటీ తీస్తే సరిపోతుందని నేను కూడా అనుకున్నాను. కాదని తెలిసింది.

నా గదిలో ఉండే అమ్మాయి నెమ్మదస్తురాలు. ఆ రోజు నవ్వని వాళ్ళలో ఆమె ఒకతె. నా పాత ఫోటో ఒకటి పెట్టి వెతికి చూసింది, ఇంకా ఎక్కడెక్కడ ఉందో అని. వెతికినంతసేపు వెతికి ఫోను నా చేతికి ఇవ్వకుండా బోర్లించి పెట్టింది. నేనే లాక్కున్నాను.

ఎవరో ఒక పేజీ పెట్టుకున్నారు. అందులో ఉన్నదంతా నేనే. నువ్వు కుట్టిన గౌన్లలో తిరుగుతున్న వీడియోలే, నువ్వు పెట్టినవే, ఒక్కటి కూడా మార్చలేదు. వాటి కింద మగవాళ్ళు రాసుకున్న మాటలు నీకు రాయలేను. అప్పుడు నాకు ఆరేళ్ళు, ఏడేళ్ళు. ఒకడు నా స్కూలు బ్యాగు మీద ఉన్న పేరు చదివి అది ఏ స్కూలో కూడా రాశాడు. తీసెయ్యమని ఇద్దరం కలిసి ఫిర్యాదు పెట్టాం. ఈ ఫోటోలు మా నియమాలకి విరుద్ధంగా లేవు అని జవాబు వచ్చింది. గౌను వేసుకున్న పాపే కదా, విరుద్ధం ఎందుకవుతుంది?

నీకు మంచి చేసినవాళ్ళు ఆ పేజీలో ఉన్నారు, కాదనను. ఆ పేజీ మన ఇంటి గది లాంటిదని నువ్వు అనుకున్నావు. అది వీధి అమ్మా. వీధిలో నన్ను నిలబెట్టి గిరగిరా తిప్పావు.

నువ్వు దాన్ని పూర్తిగా మూసేదాకా నేను ఫోన్ ఎత్తను, ఉత్తరం రాయను. అలిగానని అందరికీ చెప్పుకోకు. ఇది అలక కాదు.

నీ అమ్మాయి

* * *

బంగారు తల్లికి,

నువ్వు చెప్పిన ఆ పేజీ చూశాను. ఎదురింటి పిల్లాడి పెళ్ళికని కట్ చేస్తున్న సిల్కు గుడ్డ మీద కత్తెర ఎటు పోయిందో నాకే తెలియలేదు, అడ్డంగా తెగిపోయింది. రెండు రోజులు షాపు తియ్యలేదు.

నీ ఫోటోలు, వీడియోలు అన్నీ తీసేశాను. ఒక్కటి కూడా ఉంచలేదు. తీస్తూ ఉంటే నువ్వు వెనక్కి వెనక్కి చిన్నదానివైపోతూ, చివరికి పసుపు గౌను మిగిలింది. అది కూడా తీసేశాను. ఇప్పుడు పేజీలో ఉత్త గౌన్లే, హ్యాంగరుకి తగిలించి. ఎవరూ పట్టించుకోవడం లేదు. "పాప ఏది" అని అడుగుతున్నారు, అంతే. అయినా సరే, నీకన్నా ఎక్కువా?

పేజీ మాత్రం ఒప్పుకున్న పని పూర్తయ్యేదాకా ఉండనీ. ఆ తర్వాత చూద్దాం. ఇది చదవగానే ఒక్కసారి ఫోన్ చెయ్యి.

అమ్మ

* * *

తల్లీ,

నువ్వు ఫోన్ ఎత్తక ఇన్ని వారాలవడం నువ్వు పుట్టాక ఎరగను. హాస్టలుకి చేస్తే వార్డెన్ "బాగానే ఉంది" అని టక్కున పెట్టేసింది. నువ్వు మనసు కష్టపడితే అన్నం మానేస్తావు, నాకు తెలుసు. ఆ పాడు పేజీ చూసిన దగ్గర్నుంచి నాకు చెడ్డ ఆలోచనలే వస్తున్నాయి. నువ్వు ఒంటరిగా ఆ గదిలో ఏం చేసుకుంటావో అని భయంగా ఉంది. బయలుదేరి వద్దామంటే పెళ్ళి బట్టలు ఇవ్వాల్సిన రోజులు, పాడైన సిల్కు మళ్ళీ కొని కుడుతున్నాను.

ఎవరైనా నిన్ను కళ్ళారా చూసి చెబితే తప్ప నాకు ముద్ద దిగేలా లేదు. అన్నయ్య గారితో చెప్పుకుని ఏడ్చాను. ఆయన అటువైపే ఏదో పని మీద వస్తున్నారట, పాపని చూసి ధైర్యం చెప్పి వస్తానన్నారు. వస్తే కసురుకోకు. పెద్దాయన, మన మేలు కోరేవారు.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే అమ్మ

* * *

అమ్మకి,

నీ ఉత్తరం నాకు అందేసరికి ఆయన వచ్చి వెళ్ళాడు.

రాయనన్నాను, కానీ ఇది నువ్వు తెలుసుకోవాలి. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే వార్డెన్, "మీ మేనమామ వచ్చారు, కింద కూర్చున్నారు" అంది. నువ్వు మామయ్యతో మాట్లాడావేమో, ఇన్నేళ్ళకి కలిశారేమో అనుకుని గబగబా మెట్లు దిగాను. సందర్శకుల గదిలో ప్లాస్టిక్ కుర్చీలో నేను ఎన్నడూ చూడని మనిషి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన జుట్టు. బ్యాంకులోనో స్కూల్లోనో చేసి రిటైరైనవాడిలా ఉన్నాడు. నన్ను చూడగానే లేచి ఏడ్చేశాడు.

"మీరెవరో నాకు తెలియదు" అన్నాను.

"నేను నీకు తెలియకపోవచ్చు గువ్వా. నువ్వు నాకు తెలుసు."

తెలుసు, నిజంగానే. ఉరిమితే నేను మంచం కిందకి దూరేదాన్నని తెలుసు. మోకాలికి కుట్లు ఎలా పడ్డాయో తెలుసు. నాకు గుర్తులేనివి కూడా చెప్పాడు. అవి నిజమో కాదో నిన్ను అడిగితే తప్ప నాకు తెలియదు. మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు మారింది. నువ్వు నా ఫోటోలు తీసేసినందుకు ఆయనకి కోపం. పదహారేళ్ళు చూసినవాణ్ణి, ఒక్క మాట చెప్పకుండా ఎలా తీసేస్తుంది అన్నాడు. ఇంట్లో పిల్లని ఎత్తుకుపోయినట్టుందట.

తర్వాత కుర్చీ వెనక్కి జరిపి చోటు చేశాడు. "ఒక్కసారి తిరుగు. చిన్నప్పుడు తిరిగేదానివే, అలాగ. చూసి వెళ్ళిపోతాను."

నేను తలుపు వైపు నడిచాను. మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, పెద్దవాళ్ళు పిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. నేను అరిస్తే వార్డెన్ వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుని, మేనకోడలు మొండిదని, తల్లి మీద అలిగి అన్నం మానేసిందని చెప్పాడు. నేను కాదంటూనే ఉన్నాను. ఆవిడ నా ముద్దుపేరు, నీ పేరు, నాన్న పేరు, మన వీధి పేరు ఆయన నోటి వెంట విని నన్నే మందలించింది. నేను ఎవరో ఆయన నాకంటే బాగా చెప్పగలిగాడు.

మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నాడు. ఆ మర్నాడు పేషెంటుగా చీటీ రాయించుకుని లోపలికే వచ్చాడు. చీకటి గదిలో కుర్చీ తిప్పితే ఆయన. చూపు పరీక్ష చేయాలంటే మొహంలో మొహం పెట్టాలి. ఫ్రేము బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత నుంచి అద్దాలు చేజారుతున్నాయి. సీనియరు సెలవు పెట్టుకోమంది.

నా గదిలో అమ్మాయిని తోడు తీసుకుని పోలీస్ స్టేషనుకి వెళ్ళాను. కొట్టాడా అని అడిగారు. లేదన్నాను. బెదిరించాడా అంటే లేదన్నాను. నీ హాస్టలు ఎక్కడో అతనికి ఎలా తెలిసింది అని అడిగారు.

"మా అమ్మ చెప్పింది."

రాస్తున్నతను పెన్ను కింద పెట్టేశాడు.

నీ అమ్మాయి

* * *

నా తల్లికి,

నిన్ను ఏమని పిలవాలో కూడా తెలియడం లేదు. నోరు తెరిస్తే ఆ పేరే వస్తోంది, ఆ పేరు వాడి నోట్లో పడింది.

పేజీ మూసేశాను. ఒప్పుకున్న పని ఉందని, పాత బేరాలు ఉన్నాయని, ఏమీ చూసుకోలేదు. మళ్ళీ తెరుచుకోకుండా పక్కింటి కాలేజీ కుర్రాణ్ణి పిలిచి దగ్గరుండి తీయించాను. బోర్డు దింపించి వెనక్కి తిప్పి గోడకి ఆనించాను. చిరుగులు కుట్టుకుని, జిప్పులు మార్చుకుని బతుకుతాను. ఈ వీధిలో అంతపాటి పని దొరుకుతుంది.

అంతకు ముందు వాడికి ఫోన్ చేశాను. నోటికి వచ్చినట్టు తిట్టాలనే చేశాను. నా మాట పూర్తిగా విన్నాడు. విని నెమ్మదిగా, "నన్ను అన్నయ్య అని పిలిచింది మీరే కదమ్మా. నేను అడిగానా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. పిలిచింది నేనే. తోడబుట్టినవాడి మీద కసితో ముక్కూమొహం తెలియనివాణ్ణి తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టాను. నా గోడు వినేవాళ్ళు కావాలని నీ సంగతులు ఒక్కొక్కటీ తీసి పంచిపెట్టాను. నువ్వు వీధి అన్నావు. నిజమే.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. నిన్ను ఇంటికి తెచ్చుకుంటాను. చదువు ఒక ఏడాది ఆగితే ఏం కాదు. ముందు గదికి లోపల గడియ పెట్టించాను, అది నీ గది. నువ్వు తీసేదాకా నేను తలుపు తట్టను కూడా. నన్ను చూసి మొహం తిప్పుకున్నా సరే, సామాను మాత్రం సర్దుకుని ఉండు.

అమ్మ

* * *

ప్రియమైన అమ్మకి,

ఆదివారం నువ్వు వచ్చావని, హాస్టలు గేటు దగ్గర పొద్దుపోయేదాకా కూర్చున్నావని నాకు తెలిసింది. నేను శుక్రవారమే వెళ్ళిపోయాను. నువ్వు వస్తావని తెలిసే వెళ్ళాను. చూస్తే ఆగిపోతానేమోనని భయం వేసింది.

పేజీ మూసినందుకు సంతోషించాను అమ్మా. ఒక్క పూట సంతోషించాను. మర్నాటికి నీ అక్క, నీ వదినలు, పసుపు గౌను కుట్టించుకున్నవాళ్ళు అందరూ కంగారు పడిపోయారు. తల్లీకూతుళ్ళకి ఏం జరిగిందో అన్నారు. ఎవరి దగ్గర దాచుకున్నవి వాళ్ళు తీసి నా ఫోటోలు మళ్ళీ పెట్టారు. "మన గువ్వ ఏమైపోయింది, కనబడితే చెప్పండి" అని రాశారు. నేను చూపు పరీక్ష చేసిన ఆ పెద్దావిడ ఆసుపత్రి పేరు, నా ఇప్పటి ఆనవాళ్ళు అన్నీ రాసింది, సాయం చేస్తున్నాననుకుని. వేలమంది పంచుకున్నారు. చాలామంది మంచివాళ్ళే, నాకు తెలుసు. వాళ్ళ మధ్య ఒకడు, "నేను గువ్వ మేనమామని, ఆచూకీ తెలిసినవాళ్ళు నాకు చెప్పండి" అని తన ఫోన్ నంబరు పెట్టాడు. దాని కింద నలుగురు నేను ఉండే హాస్టలు పేరు రాశారు. వాడికి అది ముందే తెలుసు. ఇప్పుడు ఎవరికైనా తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకరికొకరు తెలిసినవాళ్ళలా లేరు. ఫోను తీసి నా మొహం, ఫోను, నా మొహం, ఫోను, అలా చూశారు. వెనక గుమ్మం లోంచి బయటపడ్డాను. గదికి వెళ్ళి దొరికిన బట్టలు సంచిలో పెట్టుకున్నాను.

ఎక్కడున్నానో రాయను. ఈ కవరు మీద ముద్ర చూసి వెతక్కు, వేరే ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చి వేయిస్తున్నాను. చదువు మానేశాను. మనుషుల మొహాలు చూడక్కర్లేని పని ఒకటి దొరికింది. ఇక్కడివాళ్ళకి నా పేరు వేరుగా చెప్పాను. నువ్వు పెట్టిన పేరు, నువ్వు పిలిచిన పేరు, రెండూ కాదు.

నీ మీద పగతో దాస్తున్నానని అనుకోకు. ఇకమీదట నువ్వు ఎవరికీ చెప్పవు, అంత నమ్మకం నాకు ఉంది. అయినా ఎవరో ఒకరు మన గుమ్మంలోకి వచ్చి, నీ చేతులు పట్టుకుని, పాప ఎలా ఉందమ్మా అని ఆప్యాయంగా అడుగుతారు. నీకు మొహంలో దాచుకోవడం రాదు. తెలియకపోతే దాచాల్సిన పని ఉండదు. నాకేదైనా అయితే నా గదిలో ఉన్న ఆ అమ్మాయి వచ్చి చెబుతుంది. ఆమె రాకపోతే నేను బాగున్నట్టు.

జవాబు రాయడానికి నీకు చిరునామా లేదు. అది ఆలోచిస్తే నాకు కూడా కష్టంగానే ఉంది.

నిన్న జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నాను. కళ్ళజోడు వచ్చింది, నా చూపు నేనే చూసుకుని పవరు చెప్పి చేయించుకున్నాను. అద్దంలో ఎవరో కొత్త మనిషిలా ఉంది. మొదటిసారి నన్ను నేను చూసుకున్నట్టు చాలాసేపు నిలబడ్డాను. ఎలా ఉన్నానో నీకు చూపించాలని ఎంతగానో అనిపించింది. చూపించలేను అమ్మా. పనికి వేళైంది, తాళం వేసి వెళుతున్నాను.

నీ కూతురు